మీకు తెలుసా? పైన మంచి ఆకు, లోపల నాసి ఆకు

నెల్లూరు జిల్లా పడమటి మండలాల్లో ఎలక్ట్రానిక్ వేలం అనగానే రైతుకు గుర్తొచ్చేది ఫోను కాదు, పొగాకు. మర్రిపాడు మండలం డీసీపల్లిలో ఒకటి, కలిగిరిలో ఒకటి పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి. ఆత్మకూరు, ఉదయగిరి చుట్టుపక్కల పొగాకు వేసినవాళ్లు బేళ్లు కట్టుకుని చేరేది అక్కడికే. ఒకప్పుడు నోటితో పాడిన పాట ఇప్పుడు చప్పుడు లేకుండా సాగుతోంది. వరసగా పేర్చిన బేళ్ల వెంట బయ్యర్లు నడుస్తారు. చేతిలోని చిన్న యంత్రంలో ధర నొక్కుతారు. ఎక్కువ నొక్కినవాళ్లకు బేలు పోతుంది.

పొగాకు వ్యాపారంలో చాలా పాత కిటుకు ఒకటుంది. బేలుకు పైనా పక్కలా మేలురకం ఆకు పేర్చి, నడిమధ్యన మాడిన ఆకో, పచ్చి తగ్గని ఆకో, తేమ పట్టిన ఆకో కూరేయడం. కంటికి కనిపించేదంతా బ్రైట్ గ్రేడే. అందుకే చెయ్యి తిరిగిన బయ్యరు పైపొర చూసి ఊరుకోడు. బేలు లోపలికి చెయ్యి పోనిచ్చి నాలుగు ఆకులు లాగుతాడు, వేళ్ల మధ్య నలుపుతాడు, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. తేడా ఉందంటే ఆ బేలు అక్కడే ఆగిపోతుంది. ఎవరిదో వెతకక్కర్లేదు, రైతు నమోదు వివరాలు బోర్డు దగ్గర ఉంటాయి. (రైతు గోడు వేరే ఉందనుకోండి. మంచి బేలును కూడా లోగ్రేడని పక్కన పెట్టించి, తర్వాత తక్కువకు లాగేస్తారని వేలం కేంద్రాల్లో గొడవలు, వేలం ఆపేయడాలు మనం పేపర్లో చదువుతూనే ఉంటాం. మోసం ఒకవైపునే ఉంటుందని ఎవరన్నారు?)

పొగాకు బోర్డు చట్టం 1975 నాటిది, బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరు. ఆ వేలంలో మూడు కట్టుబాట్లున్నాయి. సరుకు కళ్ల ముందుంటుంది. అమ్మేవాడెవడో తెలుస్తుంది. తేడా సరుకు అప్పటికప్పుడు వెనక్కి పోతుంది. ఫోన్లో చూసి కొనే వేలాల్లో, అమ్మకాల్లో ఈ మూడూ లేవు. ఫొటోలోకి చెయ్యి పోనిచ్చి చూడలేం కదా! ఈసారి శీర్షికలో కబుర్లన్నీ ఆ మూడింటి చుట్టూనే.

సొంత సరుకుకు సొంత పాట

ఆన్‌లైన్ వేలంలో అమ్మేవాడే వేరే పేరుతో ఖాతా తెరిచి తన వస్తువు మీద తనే పాట పెంచుకుంటే ఏమవుతుంది? ఇంటర్‌నెట్ కాలపు మోసం కాబట్టి దీనికింకా చట్టం రాలేదేమో అనుకుంటారు చాలామంది. మీకు తెలుసా, జవాబు 1930లోనే రాసి పెట్టారు. మన వస్తు విక్రయ చట్టంలో 64వ సెక్షను మొత్తం వేలంపాటల గురించే. అమ్మేవాడు తాను కూడా పాడే హక్కు అట్టిపెట్టుకున్నట్టు ముందే బయటికి చెప్పాలి. చెప్పకుండా తనే పాడినా, మనిషిని పెట్టి పాడించినా అది మోసపు అమ్మకం. ధర పెంచడానికి ఉత్తుత్తి పాట పాడించారని తేలితే, ఆ కొనుగోలును రద్దు చేసుకునే హక్కు కొన్నవాడిదే. తెల్లవాళ్ల కాలంలో, సుత్తి చేతబట్టుకుని ‘ఒకటోసారి, రెండోసారి’ అనే పాటకాడి కోసం రాసిన నియమమిది.

అదే చట్టంలో 15వ సెక్షను ఇంకా బాగుంటుంది. సాంపిలు చూపించి, మాటల్లోనూ వర్ణించి అమ్మిన సరుకు రెండింటికీ సరిపోవాలి. సాంపిలుకు సరిపోయింది చాల్లే అంటే కుదరదు. బేలు నడిమి ఆకు సంగతి ఆ సెక్షను రాసినవాళ్లకు బాగానే తెలిసినట్టుంది.

పేరెత్తకుండా చెప్పిన అబద్ధం

తప్పుడు ప్రకటన అంటే అబద్ధం రాయడమే అనుకుంటాం. కానీ ఈ విద్యలో ఆరితేరినవాళ్లు అబద్ధం రాయరు, మనచేత ఊహింపజేస్తారు. దీనికి లోకమంతా చెప్పుకునే ఉదాహరణ 2000 మే నెలలో అమెరికాలో జరిగింది. ఆన్‌లైన్ వేలాల సైటు ఈబే అప్పటికి అయిదేళ్ల పిల్ల. శాక్రమెంటో ఊళ్లో కెన్నెత్ వాల్టన్ అనే లాయరు ఒక పెద్ద నైరూప్య చిత్రాన్ని పాతిక సెంట్లకు పాటకు పెట్టాడు. ఎప్పుడో ఎవరి పాత సామాన్ల అమ్మకంలోనో దొరికిందని, పెళ్లాం ఇంట్లో పెట్టనివ్వడం లేదని, పిల్లాడు బొమ్మ బండితో గుద్ది దానికి చిల్లు పెట్టాడని అమాయకంగా రాసుకొచ్చాడు. చిత్రకారుడి పేరు ఎక్కడా ఎత్తలేదు. ఫొటోలో మాత్రం ఒక మూల ‘ఆర్.డి. 52’ అనే అక్షరాలు కనబడేలా పెట్టాడు. అంతే! ఇది పేరున్న చిత్రకారుడు రిచర్డ్ డీబెన్‌కార్న్ వేసిన బొమ్మ, పాపం ఈ అమాయకుడికి తెలియదు, మనకు తెలిసింది, కొట్టేద్దాం అని ఒకరిని మించి ఒకరు ఎగబడ్డారు. పాట 1,35,805 డాలర్ల దగ్గర ఆగింది.

తీరా ఆరా తీస్తే ఆయనకు పెళ్లే కాలేదు, పిల్లాడూ లేడు. పాడినవాటిలో కొన్ని పాటలు ఆయనవీ, ఆయన స్నేహితులవీ. ఈబే అమ్మకాన్ని రద్దు చేసింది. 2001లో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. తర్వాత ఆ కథంతా పుస్తకంగా రాసి అమ్ముకున్నాడు కూడా.

నన్నడిగితే ఇందులో అసలు సరుకు బొమ్మ కాదు, ‘అమాయకపు అమ్మకందారు’. మనవైపు ఫేస్‌బుక్కులో ‘మా తాతగారి పెట్టెలో దొరికింది, దీని విలువ నాకు తెలియదు’ అని మొదలయ్యే ప్రకటన ఏది కనిపించినా, ఆ లాయరు గుర్తుకు రావాలి.

ఉదయగిరి చెంచా

ఉదయగిరిలో చెక్క చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చేసే కుటుంబాలున్నాయి. ఎక్కువమంది ముస్లింలు, పనిలో ఆడవాళ్ల చెయ్యి ఎక్కువ. దుర్గం కొండల నుంచి వచ్చే నర్ది, బిక్కి, దేవదారి లాంటి చెక్క వాళ్ల ముడిసరుకు. చెక్కను రంపంతో ముక్కలు చేసి, ఉలితో గుంట తొలిచి, ఆకురాయితో అంచులు తీసి, గరుకు కాగితంతో రుద్ది రుద్ది నునుపు తేల్చుతారు. ఫోర్కు పళ్ల దగ్గరకొచ్చేసరికి పని నత్తనడక అవుతుంది. రెండు పళ్ల మధ్య సందు తీసేటప్పుడు ఆకురాయి ఒక్కసారి ఎక్కువ లాగితే పన్ను విరిగి అప్పటిదాకా చేసిందంతా పొయ్యిలోకి పోతుంది. కాడ చివర చిన్న పువ్వో, జాలీ పనో ఉంటే ఇంకో పూట.

ఈ పనితనానికి ‘ఉదయగిరి చెక్క కట్లరీ’ పేరుతో భౌగోళిక గుర్తింపు ఉంది. తిరుపతి లడ్డుకు, వెంకటగిరి చీరకు ఉన్నలాంటిదే. ఆ గుర్తింపు ఉన్న పేరును వేరేచోట చేసిన సరుకుకు తగిలించి అమ్మితే 1999 నాటి చట్టం ప్రకారం ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. ఈ సంగతి చెంచా అమ్మేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, పేరును పక్కనుంచి తాకే విద్య మాత్రం అందరికీ తెలుసు. ‘ఉదయగిరి స్టైల్’, ‘ఉదయగిరి తరహా’, ‘సంప్రదాయ ఆంధ్ర హస్తకళ’... ఇవన్నీ పైపొర ఆకులే.

మరి ఫొటో చూసి పోల్చేదెలా? ఆరు చెంచాల సెట్టు ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూడండి. చేత్తో చేసినవైతే ఆరు గుంటలూ ఒకే లోతు, ఆరు కాడలూ ఒకే వంపు ఉండవు. వెంట్రుకవాసి తేడా అయినా ఉంటుంది. అచ్చు గుద్దినట్టున్నాయంటే యంత్రం చేసిందనే అనుమానించాలి. చెక్క పేరు రాశారా లేదా చూడండి. ‘ప్రకృతి సిద్ధమైన కలప’ అన్నది చెక్క పేరు కాదు. చేసిన ఊరు, అమ్మేవారి చిరునామా రెండూ ఉండాలి. లేకపోతే అడగండి. ‘హ్యాండ్‌మేడ్’ అనే ముక్కకు మాత్రం నేనైతే పైసా విలువ ఇవ్వను. అది రాయడానికి ఏ చెయ్యీ నొప్పి పుట్టదు.

ప్రసాదం పేరుతో

ఊరి పేరు అరువు తెచ్చుకునే వ్యాపారానికి ఈ మధ్యనే పెద్ద ఉదాహరణ ఒకటి వచ్చింది. 2024 జనవరిలో, అయోధ్య ఆలయ ప్రతిష్ఠకు ముందే, అమెజాన్‌లో కొందరు అమ్మకందారులు మామూలు మిఠాయిలను ‘శ్రీరామ మందిర్ అయోధ్య ప్రసాద్’ అంటూ పెట్టారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆ కంపెనీకి నోటీసిచ్చి వారంలో బదులడిగింది. ఇంకా ప్రతిష్ఠే జరగని గుడి ప్రసాదం ఎలా వచ్చిందని ఒక్కరైనా కొనేముందు అడిగారో లేదో!

గ్లాసులో మధుమేహ మందు

వేగిస చెక్కతో చేసిన గ్లాసులో రాత్రి నీళ్లు పోసి ఉంచితే పొద్దుటికి ఆ నీళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, వెలుగులో నీలి ఛాయ కూడా కొడుతుంది. చూడ్డానికి అద్భుతంగానే ఉంటుంది. ఆ రంగు మార్పునే ఫొటోలుగా పెట్టి ‘షుగరు పూర్తిగా తగ్గిస్తుంది’ అని ఆన్‌లైన్‌లో గ్లాసులు అమ్ముతుంటారు. మీకు తెలుసా, మధుమేహం నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే మన దేశంలో నేరం. 1954 నాటి మందులు, అద్భుత చికిత్సల చట్టం కింద ఉన్న జబ్బుల పట్టికలో అది ఉంది. గ్లాసు అమ్మొచ్చు, రంగు మారుతుందని చెప్పొచ్చు. జబ్బు పేరెత్తితేనే చిక్కు.

ఎలా ఉన్నది అలా, ఎక్కడ ఉన్నది అక్కడ

వెలిగొండ కొండల్లో, అంటే ఉదయగిరి, ఆత్మకూరు, రాపూరు అడవుల్లో పెరిగే ఎర్రచందనం ప్రపంచంలో తూర్పు కనుమల ఈ దక్షిణపు ముక్కలో తప్ప అడవిచెట్టుగా ఇంకెక్కడా లేదు. స్మగ్లర్ల దగ్గర పట్టుకున్న దుంగలను ప్రభుత్వం అమ్మేది ఆన్‌లైన్ వేలంలోనే. 2014లో విదేశీ కొనుగోలుదారులను కూడా పిలిచి పెద్దయెత్తున ఈ-వేలం పెట్టారు. దుంగలను ఏ, బి, సి గ్రేడులుగా విడగొట్టి, లాట్లుగా పేర్చి, ముందుగా వచ్చి చూసుకోండని సమయమిస్తారు. ఆ తర్వాత అమ్మకమంతా ‘ఎలా ఉన్నది అలా, ఎక్కడ ఉన్నది అక్కడ’ అనే షరతు మీద. పాట పాడాక లోపల డొల్ల ఉందనీ గ్రేడు తక్కువనీ పేచీ పెట్టడం కష్టం.

గ్రేడు దగ్గర పేచీ రెండు వైపులా పదునే. 2018లో ఒక పెద్ద కంపెనీ ఈ-వేలంలో కొని ఎగుమతికి కృష్ణపట్నం రేవుకు తెచ్చిన సి గ్రేడు దుంగల్లో ఏ, బి గ్రేడులూ ఉన్నాయన్న ఆరోపణతో కేంద్ర రెవెన్యూ నిఘా అధికారులు సరుకు ఆపేశారు. తాము కొన్నది ప్రభుత్వ సంస్థ దగ్గరే, అంతా పద్ధతి ప్రకారమే అని కంపెనీ చెప్పింది. వర్ణనకన్నా సరుకు నాసిగా ఉంటే కొన్నవాడు కోర్టుకెళ్తాడు. వర్ణనకన్నా మేలుగా ఉందన్నా ఇంత గొడవ!

ఈ ‘ఎలా ఉన్నది అలా’ షరతే బ్యాంకులు తాకట్టు ఆస్తులు అమ్మే ఈ-వేలాల్లోనూ ఉంటుంది. ప్రకటనలో ‘రెండంతస్తుల ఇల్లు’ అని ఒక్క వాక్యముంటుంది. అందులో ఇంకా ఎవరు కాపురముంటున్నారో, కరెంటు బకాయి ఎంతో, దారి ఉందో లేదో మీరే కనుక్కోవాలి. మామూలుగా రిజర్వు ధరలో పదో వంతు ముందే కట్టి పాటలో దిగాలి. పాట దక్కితే ఆ రోజే, లేదంటే మర్నాటి పనిదినంలోపు పాతిక శాతం, మిగతాది పదిహేను రోజుల్లో కట్టాలి. కట్టలేకపోతే ముందు కట్టింది పోయినట్టే. ఈసీ (ఆస్తి మీద లావాదేవీల ధ్రువపత్రం) తీయించడం, ఊళ్లోకి వెళ్లి ఇరుగుపొరుగును అడగడం పాటకు ముందు పని.

రాయలవారి నాణెం

1513లో కృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గాన్ని ముట్టడించి, నెలల తరబడి కాచుకుని, 1514లో ఒడిశా గజపతుల చేతి నుంచి గెలుచుకున్నాడు. కోటలోని బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి 1515లో గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఆ విజయానికి గుర్తుగానే వేయించాడని చెప్పే బాలకృష్ణుడి బంగారు వరహాలు నాణేలు సేకరించేవాళ్లకు ప్రాణం. గిరాకీ ఉన్నచోట నకిలీ ఉండకుండా ఎలా ఉంటుంది? ‘కృష్ణదేవరాయల అసలు నాణెం’ అంటూ పూతపోసిన బిళ్లలు ఆన్‌లైన్‌లో తిరుగుతుంటాయి. అసలు నాణెం ఎంత చిన్నదో ఫొటోలో తెలియదు. పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీసిన ఫొటో పంపమని, బరువు గ్రాముల్లో చెప్పమని అడిగితే చాలామంది అమ్మకందారులు మాయమైపోతారు.

ఇంకొందరు ఒక మెట్టు పైకెక్కి ‘ఉదయగిరి కోటలో తవ్వకాల్లో దొరికింది’ అని రాస్తారు. నిజమని నమ్మించడానికి రాసిన ఆ ముక్కే వాళ్ల మెడకు ఉచ్చు. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నూరేళ్లు దాటిన పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు కావాలని, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదని 1972 చట్టం అంటుంది. అంటే ఆ ప్రకటన అబద్ధమైతే మోసం, నిజమైతే నేరం.

ఇక ట్రాక్టరు బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటుకు లక్షలిస్తారనే ప్రకటన చూడనివాళ్లు ఈ మధ్య ఉన్నారా? ఎవరో అమ్మకందారు తన నోటుకు అయిదు లక్షలు అడుగుతూ ఒక సైటులో పెడతాడు. దాన్ని చూపించి ఇంకొకడు ‘ధర అయిదు లక్షలు’ అని వీడియో చేస్తాడు. అడిగిన ధరకూ అమ్ముడుపోయిన ధరకూ మధ్య ఎంత దూరమైనా ఉండొచ్చు. ఆ నోటుకు నేను కోటి అడగొచ్చు, అడ్డమెవరు? మన దగ్గర నోటుందని ఫోన్ చేస్తే అప్పుడు మొదలవుతుంది: రిజిస్ట్రేషను ఫీజు, కమీషను, పన్ను. కొంటానన్నవాడు మనకివ్వాల్సిందిపోయి మనమే కడుతుంటాం. రిజర్వు బ్యాంకు పేరు, ముద్ర వాడి ఈ దందా చేస్తున్నారని, పాత నోట్లు, నాణేల లావాదేవీలకు తాము ఎలాంటి ఫీజూ కమీషనూ అడగబోమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రకటన చేసింది.

పాడైనవని రాసి అమ్మే వేలం

నిజాయితీ ప్రకటన ఎలా ఉంటుందో చూడాలంటే తిరుమల దేవస్థానం వేలం ప్రకటనలు చదవండి. భక్తులు హుండీలో వేసిన వాచీలు, మొబైల్ ఫోన్లను రాష్ట్ర ప్రభుత్వ పోర్టలు ద్వారా ఈ-వేలం వేస్తారు. ఫలానా కంపెనీవి, ఇన్ని లాట్లు, కొత్తవి, వాడినవి, కొంత దెబ్బతిన్నవి అని అందులోనే చెప్పేస్తారు. దెబ్బతిన్నదని తెలిసి కొన్నవాడికి మోసపోయాననే మాటే ఉండదు.

గడియారం మళ్లీ మొదటికి

‘ఇంకా 9 నిమిషాలే!’ అని ఎర్రగా పరుగెత్తే గడియారం చూసి కంగారుగా డబ్బు కట్టారా? అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో దాదాపు 11,000 షాపింగ్ సైట్లను జల్లెడ పట్టి ఇలాంటి కనికట్లు 1,818 పట్టుకున్నారు. కొన్ని గడియారాలు సున్నాకు చేరాక మళ్లీ మొదటికి వచ్చేవి, ఆఫరు మాత్రం కదిలేది కాదు. మన ప్రభుత్వం 2023 నవంబరు 30న ఇలాంటి 13 రకాల మాయలను పేరుపేరునా నిషేధించింది. ఉత్త తొందర పెట్టడం వాటిలో మొట్టమొదటిది. పేజీని మూసి మళ్లీ తెరిచి చూడండి, గడియారం రంగు బయటపడుతుంది.

ఓడినవాళ్ల డబ్బుతో గెలుపు

‘ఇరవై వేల ఫోను రెండు వేల నాలుగొందలకే దక్కింది’ అనే ప్రకటన అబద్ధం కాకపోవచ్చు. లెక్క చూడండి. కొన్ని వేలాల్లో ఒక్కో పాటకు ఫీజు ఉంటుంది. పది రూపాయలు అనుకుందాం. ఒక్కో పాటకు ధర ఒక్క రూపాయే పెరుగుతుంది. 2,400 దగ్గర ఆగిందంటే 2,400 పాటలు పడ్డాయి. ఫీజులే 24,000. గెలిచినవాడు కట్టిన ధరతో కలిపి అమ్మకందారుకు 26,400. గెలిచినవాడి ఫొటో వేస్తారు, ఓడినవాళ్ల ఫీజు గురించి రాయరు. జర్మనీలో పుట్టి చాలా దేశాలకు పాకిన స్వూపో అనే సైటు ఈ పద్ధతికి పేరుమోసింది. 2011లో మూతపడింది. నా లెక్కలో ఇది వేలం కాదు, వేలం ముసుగేసుకున్న లాటరీ.

ఏ ఆత్మకూరు?

‘ఆత్మకూరు హైవే పక్కన ప్లాట్లు’ అంటే ఎక్కడనుకుంటారు? నెల్లూరు ఆత్మకూరు ఉంది, నంద్యాల జిల్లా ఆత్మకూరు ఉంది, అనంతపురం జిల్లాలో ఉంది, తెలంగాణలో వనపర్తి జిల్లాలోనూ ఉంది. ఉదయగిరి అంటే ఒడిశాలో గుహలు, మధ్యప్రదేశ్‌లో గుప్తుల గుహలు, కన్యాకుమారి వైపు ఒక కోట. ప్రకటనలో మండలం, సర్వే నంబరు లేకపోతే స్థలం గాల్లో ఉన్నట్టే. అయిదు వందల చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ను గానీ, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్న భవనాన్ని గానీ స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు లేకుండా ప్రకటించడమే తప్పు. తప్పుడు ప్రకటన నమ్మి కొన్నవాళ్లు వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడగొచ్చని రెరాను తెచ్చిన 2016 చట్టం 12వ సెక్షను అంటుంది.

నో రిటర్న్ అని రాసినా

కొన్న వస్తువు ప్రకటనలో చెప్పినట్టు లేదు. అడిగితే ‘ముందే నో రిటర్న్ అని రాశాం కదండీ’ అంటారు. మీకు తెలుసా, ఆ మాట చెల్లదు. 2020 జులై 23న వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. సైటు నడిపేవాళ్లు అమ్మకందారు పేరు, చిరునామా, వస్తువు ఏ దేశంలో తయారైందో చూపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. అమ్మకందారు తనే కొన్నవాడి వేషం కట్టి అయిదు నక్షత్రాల రివ్యూ రాసుకోవడం కూడా నిషిద్ధమే. డీసీపల్లి మూడు కట్టుబాట్లలో రెండింటిని ఫోన్లోకి తేవడానికి చేసిన ప్రయత్నమిది: అమ్మేవాడెవడో తెలియాలి, తేడా సరుకు వెనక్కి పోవాలి. సరుకు కళ్ల ముందుండటమొక్కటే నిబంధనతో వచ్చేది కాదు.

ఇక్కడొక మెలిక ఉంది. తన పాత ఫోనో, పాత బండో ఎప్పుడో ఒకసారి అమ్ముకునే మామూలు మనిషికి ఈ నిబంధనలు వర్తించవు. మోసగాళ్లు సరిగ్గా ఆ వేషంలోనే వస్తారు. బదిలీ మీద వెళ్తున్న జవాను తన బుల్లెట్ బండి అగ్గువకు అమ్ముతున్నట్టు, ఐడీ కార్డు ఫొటోతో సహా. లేదంటే ఎక్కడో హర్యానాలోని ముర్రా గేదె ఫొటో పెట్టి, పూటకు ఇన్ని లీటర్లని రాసి, లారీ బాడుగ ముందు పంపమంటారు. బాడుగ పంపాక లారీ చెడిపోతుంది, తర్వాత చెక్‌పోస్టులో ఆపుతారు, దానికింకొంత. గేదె మాత్రం రాదు. ఇలాంటప్పుడు వినియోగదారుల చట్టం కాదు, పోలీసు దారే. డబ్బు పోయిందని తెలియగానే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఇంకో సంగతి: మనకు డబ్బు రావడానికి మనం పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. పిన్ అడిగిందంటే డబ్బు పోతోందనే అర్థం.

సూరత్‌వాడి మీద నెల్లూరులో

అమ్మినవాడు సూరత్‌లో, సైటు బెంగళూరులో, కొన్నవాళ్లు ఉదయగిరిలో ఉంటే కేసెక్కడ? 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కొన్నవాళ్లు నివసించే చోటే వేయొచ్చు. అంటే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషనే చాలు. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. వస్తువుకు కట్టిన డబ్బు అయిదు లక్షల దాకా అయితే ఫీజే లేదు. లాయరు తప్పనిసరి కాదు, గొడవ పుట్టిన రెండేళ్లలోపు వేస్తే చాలు. అంతకన్నా ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే, చాలా కంపెనీలు కేసుదాకా పోకుండానే దిగొస్తాయి.

కేసు నిలబడేది ప్రకటన మీద. అది అమ్మకందారు చేతిలో ఉంది, ఫిర్యాదు వచ్చిందని తెలియగానే మార్చేస్తాడు. కాబట్టి కొనే రోజే ఆ పేజీ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోవాలి: ఫొటోలు, వర్ణన, అమ్మకందారు పేరు, ధర, తేదీ. పార్సిలు విప్పేటప్పుడు అడ్రసు చీటీ కనబడేలా మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా వీడియో తీయాలి. చెంచాల సెట్టయినా సరే.